ఢిల్లీకీ జౌన్‌పూర్‌కీ మధ్య ఒక స్టీలు డబ్బా

"అమ్మమ్మా, ఈ ఫొటోలో నా నెత్తి మీద ఉన్నది కిరీటమా, జల్లెడా?"

ఏదీ, ఇటు తే. ఆ కళ్ళజోడు కూడా ఇలా అందించు. ఆఁ, ఇదా. జల్లెడే. బంగారు కాగితం చుట్టిన పిండి జల్లెడ. జౌన్‌పూర్ రాణివి కదా నువ్వు, పదేళ్ళ పిల్లవి. కూర్చో, చెప్తా. ముందే చెప్తున్నా నిత్యా, ఇందులో ఒక్క అక్షరం కూడా నేను కల్పించింది కాదు. కల్పించానంటే రేపటి నుంచి ఈ ప్లెయిన్స్‌బరో ఇండియన్ స్టోర్‌లో నాకు గోంగూర దొరక్కుండా పోవాలి. ఇంతకంటే పెద్ద ఒట్టు ఈ దేశంలో నా దగ్గర లేదు. మీ తాతయ్య పక్కగదిలో పడుకున్నారు, అదొక మేలు. మెలకువగా ఉంటే "పుస్తకంలో అలా లేదే" అంటూ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చేస్తారు.

నీ పక్కనున్నది మేఘన. చూడు ఆ గడ్డం. మీ అమ్మ కాటుక పెన్సిల్ మొత్తం అరగదీసి గీశాం. ఢిల్లీ సుల్తాను. ఏం, మొహం అటు తిప్పుకుంటావేం? మీరిద్దరూ మాట్లాడుకోవట్లేదని నాకు తెలుసులే. ఫోన్ మోగితే ఎవరో చూసి బోర్లా పెట్టేస్తున్నావు. కాలేజీ అయ్యాక ఇద్దరూ కలిసి జెర్సీ సిటీలో అపార్ట్‌మెంట్ తీసుకుందామనుకున్నారు. అదేమో నీకు మాటైనా చెప్పకుండా దేశానికి ఆ చివరున్న శాన్ రామన్‌లో జాబ్‌కి ఎస్ అనేసింది. రేపు పొద్దున ఫ్లైటు. నాకెవరూ పిలిచి చెప్పలేదు. మీ అమ్మ ఫోన్‌లో మాట్లాడితే వాషింగ్టన్ దాకా వినపడుతుంది, నేను హాల్లోనే ఉంటానాయె.

సరే, నాకెందుకు. ఫొటో సంగతి కదా అడిగావు.

ముందు అసలు యుద్ధం చెప్పాలి, లేకపోతే నీకు అర్థం కాదు. నేనేం కాలేజీ చదివినదాన్ని కాదు. మీ తాతయ్య తెనాలిలో హిస్టరీ లెక్చరర్ కదా, సాయంత్రాలు వరండాలో ట్యూషన్లు చెప్పేవారు. నెలకి అయిదు రూపాయలు ఫీజు, అది కూడా సగం మంది ఇవ్వరు, వంకాయలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయేవాళ్ళు. ఆయన వరండాలో పాఠం, నేను లోపల రోట్లో పప్పు. పాతికేళ్ళు విన్నాను. మొగలాయిల దగ్గరికొచ్చేసరికి గారెల పిండి అయిపోయేది, అందుకని మొగలాయిల సంగతి నాకు అంతగా తెలీదు. వాళ్ళకంటే ముందు వాళ్ళందరూ నాకు కంఠతా వచ్చు.

అయిదారు వందల ఏళ్ళ కిందటి మాట. ఢిల్లీలో ఒక సుల్తాను, తూర్పున జౌన్‌పూర్‌లో ఇంకో సుల్తాను. ఈ జౌన్‌పూర్ సుల్తాను పెళ్ళాం ఎవరనుకున్నావు? అంతకుముందు ఢిల్లీ ఏలినాయన కూతురు. ఆ తండ్రి సింహాసనం నాకొద్దని వేరే ఊరెళ్ళి హాయిగా కూర్చున్నాడు, ఇంకెవరో వచ్చి ఢిల్లీలో కూర్చున్నారు. ఇక ఈ రాణికి నిద్ర లేదు. పొద్దున లేస్తే అదే మాట, "మా పుట్టింట్లో పరాయివాళ్ళు కాపురముంటుంటే మీరు తీరిగ్గా షర్బత్ తాగుతున్నారు" అని. ఆ మగాడు ఎన్నాళ్ళు వింటాడు? బయల్దేరాడు.

సైన్యం అంటే అట్లా ఇట్లా కాదు. జౌన్‌పూర్‌ది ఏనుగుల బలం. ఎన్ని ఏనుగులంటే, ముందు ఏనుగు యమునలో తొండం ముంచి నీళ్ళు తాగుతుంటే, ఆఖరి ఏనుగు ఇంకా జౌన్‌పూర్‌లో స్నానం చేస్తోంది. నవ్వకు. నేనేం వెళ్ళి లెక్కపెట్టానా, మీ తాతయ్యే చెప్పారు. చాలా ఏనుగులు అన్నారు. నేను కాస్త వివరంగా చెప్తున్నా, అంతే.

వీళ్ళు ఈ ఒడ్డున, ఢిల్లీ గుర్రాలు ఆ ఒడ్డున. కొట్టుకోవడం, అలిసిపోవడం, రాజీ పడడం, మళ్ళీ కొట్టుకోవడం. చివరికి ఒకసారి పెద్దమనుషులు కూర్చుని సంధి చేశారు. నీ వైపు నువ్వుండు, నా వైపు నేనుంటా అని. జౌన్‌పూర్ వాళ్ళు పాపం నమ్మారు. గుడారాలు పీకి, సామాను కట్టుకుని వెనక్కి తిరిగారు. ఢిల్లీ సుల్తాను ఏం చేశాడు? సంధి పక్కన పెట్టి వెనక నుంచి వచ్చి సామాను బళ్ళ మీద పడ్డాడు.

సామాను బళ్ళంటే నగలూ డబ్బూ అనుకుంటారు అందరూ. కాదు. గుండిగలు. లక్షమందికి అన్నం వండే గుండిగలు, అట్లకాడలు, పిండి బస్తాలు. వంటిల్లు పోయాక ఇంకేం యుద్ధం? ఏనుగులు ఎన్నుంటే ఏం లాభం? ఆ బళ్ళతో పాటు రాణి కూడా దొరికిపోయింది.

మరి దొరికిన రాణిని ఏం చేశాడు? అదీ నాకు నచ్చింది. గౌరవంగా, మనుషుల్నిచ్చి మొగుడి దగ్గరికి పంపించేశాడు. ఇది మాత్రం పుస్తకంలోనే ఉంది, కావాలంటే ఆయన్ని లేపి అడుగు. వద్దులే, లేపకు.

ఇప్పుడు మన సంగతి. ఆ ఏడు నేనూ, మేఘన వాళ్ళ నాయనమ్మ రుక్మిణమ్మగారూ ఒకేసారి వచ్చాం ఇక్కడికి. వాళ్ళది కరీంనగర్. పొద్దున మీరందరూ పోతే మా ఇద్దరికీ ఏం పని? నడకకి వెళ్తే కనపడింది. "వదినగారూ" అన్నాను నేను, "చెప్పు వదినా" అందావిడ, అంతే, అప్పట్నుంచీ నోరు మూసింది లేదు. ఉగాదికి పిల్లల చేత ఏదైనా వేయిద్దామన్నారు ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు. అందరూ డాన్సులే వేస్తున్నారు, మనం యుద్ధం వేద్దామన్నాను. "గింత మంది పోరగాండ్లను కొట్టుకొమ్మంటే అద్దంటరా వదినా" అంది రుక్మిణమ్మగారు. కుదిరిపోయింది.

రిహార్సల్స్‌కి వీలుగా ఉంటుందని మన వైపు బిల్డింగుల పిల్లల్ని జౌన్‌పూర్ చేశాం, లాండ్రీ రూమ్‌కి అటు వైపు వాళ్ళని ఢిల్లీ చేశాం. ఏనుగంటే బూడిదరంగు దుప్పటి, ముందు వాక్యూమ్ క్లీనర్ గొట్టం. కాంప్లెక్స్ మొత్తంలో ఉన్న గొట్టాలన్నీ మనింట్లోనే. నెల రోజులు ఎవరి కార్పెట్ కూడా ఊడ్చలేదు. ప్లెయిన్స్‌బరో మొత్తం దుమ్ము లేచిపోయింది, విమానాలు దారి మళ్ళించారన్నారు. అంటే, నాకలా అనిపించింది.

అంతా బాగుందనుకుంటుండగా సంఘం రెండు ముక్కలైంది. ఎందుకని అడుగు. ప్రాంతాల గొడవ అనుకునేవు, కాదు. అటూ ఇటూ అన్ని జిల్లాల వాళ్ళూ ఉన్నారు. పూరీల గొడవ. ఉగాది భోజనాలు కేటరింగ్‌కి ఇద్దామని మీ నాన్న, ఇళ్ళల్లో వండి తెద్దామని మేఘన వాళ్ళ నాన్న శ్రీధర్.

"కేటరింగ్ పూరీలు తోలు చెప్పుల్లా ఉంటాయి బ్రదర్" అన్నాడు శ్రీధర్.

"ఇంతమందికి మీ ఇంట్లో కూర్చుని వత్తుతారా?" అన్నారు మా అల్లుడుగారు.

ఆ మాట మీద ఆ మాట, ఆ మాట మీద ఈమెయిలు. ఒకళ్ళు రాస్తే అందరికీ వెళ్తుంది, అందరూ అందరికీ జవాబు రాస్తారు. ప్రింటు తీసి పరిస్తే న్యూయార్క్ దాకా నడిచి వెళ్ళొచ్చు, కాలికి మట్టి అంటదు. చివరికి ఒకే రోజు ఇద్దరూ రెండు ఉగాదులు పెట్టారు. మనది ఇక్కడి క్లబ్‌హౌస్‌లో, వాళ్ళది రోడ్డవతల స్కూలు కెఫెటీరియాలో. అటు వాళ్ళతో రిహార్సల్స్ ఇక లేవన్నారు.

చూశావా ఏమైందో? ఏనుగులన్నీ మన దగ్గర, గుర్రాలన్నీ వాళ్ళ దగ్గర. ఎదురు సైన్యం లేకుండా యుద్ధం ఎట్లా చేస్తారే?

మీ నాన్నని అడిగాను. "ఏనుగులు డాన్స్ చేస్తాయి అత్తయ్యగారూ, సరిపోతుంది" అన్నారు. అటు రుక్మిణమ్మగారు కొడుకుని అడిగితే, "గుర్రాలు వచ్చి గెలిచి పోతాయమ్మా" అన్నాట్ట. "ఎవల మీద గెలుస్తవ్‌రా" అందిట ఆవిడ.

నువ్వేమో అన్నం దగ్గర కూర్చుని ముద్ద కలిపి కలిపి వదిలేస్తున్నావు. ఏమిటే అంటే ఏడుపు. "ఢిల్లీ లేకపోతే నన్ను ఎవరు క్యాప్చర్ చేస్తారు అమ్మమ్మా?" అన్నావు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఎందుకంటే నువ్వు రాణి సంగతి అడగట్లేదు, మేఘన సంగతి అడుగుతున్నావు. ఆ స్కూలుకి కొత్తగా వెళ్ళినప్పుడు నీతో మాట్లాడిన పిల్ల అదొక్కతే. అది లేకపోతే లంచ్‌లో ఎవరి పక్కన కూర్చోవాలో నీకు తెలీదు. అది నాకు తెలుసు, మీ నాన్నకి తెలీదు, ఆయన పూరీల మీద ఉన్నారు.

ఒకరోజు మీ నాన్న వంటింట్లోకి వచ్చి, "అత్తయ్యగారూ, వాళ్ళ గిన్నెలేమైనా మనింట్లో ఉంటే పంపించేయండి, ఇక వాళ్ళతో మనకేం వద్దు" అన్నారు. పంపించమన్నది ఆయనే, గుర్తుపెట్టుకో. ఉన్నది ఒక స్టీలు డబ్బా. రిహార్సల్స్‌కి సకినాలు పెట్టి పంపింది రుక్మిణమ్మగారు. మూత మీద ఆవిడ పేరు కొట్టించి ఉండేది, పక్కన సొట్ట. ఆ రోజుల్లో అక్షరానికి అణా చొప్పున తీసుకుని కొట్టేవాడు గిన్నెల షాపువాడు, అందుకని మా అమ్మ నా పేరు సగమే కొట్టించింది, అది వేరే కథ.

డబ్బా పంపించమంటే పంపిస్తాను, ఖాళీది ఎట్లా పంపిస్తాను? ఎవరింటి గిన్నె అయినా వట్టిది తిరిగివ్వడం మా ఇంటా వంటా లేదు. కొట్టుకున్న వాళ్ళకైనా సరే. మినుములు వేయించి, నెయ్యి పోసి సున్నుండలు చుట్టాను. డబ్బా నిండా పెట్టి నీ చేతికిచ్చి పంపాను. అటు నుంచి మేఘన వస్తోందేమో, మధ్యలో లాండ్రీ రూమ్ దగ్గర కలిశారు ఇద్దరూ. మర్నాడు మన ఇడ్లీ పాత్ర వచ్చింది, వట్టిది కాదు, నిండా సర్వపిండి. మరి ఆ సర్వపిండి వచ్చిన పళ్ళెం వాళ్ళది, అది వట్టిది ఎట్లా పంపను? అలా మొదలైంది. ఈమెయిళ్ళు ఎన్ని తిరిగాయో అంతకు వందరెట్లు గిన్నెలు తిరిగాయి. మీ నాన్న సున్నుండలు తింటూనే ఈమెయిలు రాస్తారు, శ్రీధర్ కూడా మన సున్నుండలే తింటూ జవాబు రాస్తాడు.

పక్క బిల్డింగుకి వెళ్ళి రావడానికి నీకు గంట పట్టేది. "ఎందుకింత లేటు?" అంటే మీ అమ్మతో నేనే చెప్పాను, దారిలో యమున ఉందని. నిజమే కదా. ఆ లాండ్రీ రూమ్‌లో డ్రయ్యర్లన్నీ తిరుగుతుంటే ఏటి ఒడ్డున నిలబడ్డట్టే ఉండేది. నీ వెనకాలే ఏనుగులొచ్చాయి, మేఘన వెనకాల గుర్రాలొచ్చాయి. పిల్లలందరికీ ఒక్కసారిగా బట్టలు ఉతకాలన్న ధ్యాస పుట్టుకొచ్చింది. ఒక్కొక్కడు ఒక్క సాక్సు పట్టుకుని బయల్దేరతాడు. తల్లులు మురిసిపోయారు, పిల్లలు బాధ్యత నేర్చుకుంటున్నారని. నేనూ రుక్మిణమ్మగారూ బట్టలు మడతపెట్టే బల్ల ఎక్కి కూర్చుని డైరెక్షన్ ఇచ్చేవాళ్ళం.

"యుద్ధం బాగనే ఉంది వదినా, చూసేదెవలు? డ్రయ్యర్లా?" అంది ఆవిడ.

"మీ ప్రోగ్రామ్‌లో పిల్లల ఐటమ్ అయిదింటికి పెట్టించండి. మాది కూడా అయిదింటికే పెట్టిస్తాను" అన్నాను.

"పెట్టిస్త. పెట్టిచ్చి ఏం జెయ్యాలె?"

"స్టేజీ మీద ఆపకుండా మా క్లబ్‌హౌస్ దాకా నడిపించుకుంటూ వచ్చేయండి."

"మరి అయ్యలు అవ్వలు?"

"వాళ్ళ సంగతి మీకు తెలీదా?"

ఇక్కడి తల్లిదండ్రుల్ని చూశావుగా. పిల్లలు స్టేజీ ఎక్కారంటే వీడియో కెమెరాకి కన్ను అతికించుకుని, పిల్లలెటు వెళ్తే అటే వెళ్తారు. ఎక్కడికి పోతున్నామని అడగరు. పిల్లలు సముద్రం మీద నడిస్తే వీళ్ళు రికార్డు చేసుకుంటూ ఇండియా దాకా వెళ్తారు.

అలాగే జరిగింది. అయిదింటికి ఇక్కడ తెర తీశాం. ఏనుగులు నిలబడ్డాయి, వెనక లాండ్రీ బండిలో గిన్నెల మధ్య నువ్వు, జల్లెడ పెట్టుకుని. జౌన్‌పూర్ సుల్తాను "ఢిల్లీ, ధైర్యముంటే రా" అని అరిచాడు. రాలేదు. మళ్ళీ అరిచాడు. జనం గుసగుసలు. నువ్వు తలుపు వైపే చూస్తున్నావు, కళ్ళనిండా నీళ్ళు. నాకూ అనుమానమే, రుక్మిణమ్మగారు కాలు నొప్పని ఆగిపోయిందేమోనని.

అప్పుడు వినపడింది పళ్ళెం మోత. రోడ్డు దాటుకుని, పార్కింగ్ లాట్ మధ్యలోంచి ఢిల్లీ సైన్యం. ముందు రుక్మిణమ్మగారు గరిటెతో పళ్ళెం వాయించుకుంటూ, వెనక స్విమ్మింగ్ పూల్‌లో ఆడుకునే రంగు గొట్టాల మీద గుర్రాలు, వాటి వెనక కెమెరాలతో వాళ్ళ ఉగాది మొత్తం. కార్లన్నీ ఆగిపోయాయి. ఒక పోలీసాయన కారు దిగి సెల్యూట్ చేశాడు. చేశాడో, తల గోక్కున్నాడో, చెయ్యి మాత్రం పైకి లేచింది.

ఇక యుద్ధం చూడాలి. ఢిల్లీ గుర్రం ఒకటి వెనక్కి పరిగెడితే మన ఏనుగు దాని తోక పట్టుకుని వదలదు. ఒక ఏనుగు తొండం ఊడి వాళ్ళమ్మ ఒళ్ళో పడింది. సంధి అయింది, జౌన్‌పూర్ వెనక్కి తిరిగింది, మేఘన వచ్చి లాండ్రీ బండి పట్టుకుంది. రాణి దొరికింది. ఇప్పుడు అది పెద్ద డైలాగు చెప్పాలి. నేను రాసింది, అక్బరు కూడా చెప్పలేనంత డైలాగు. మర్చిపోయింది.

రుక్మిణమ్మగారు పక్కనుంచి అందిస్తోంది, దానికి వినపడట్లేదు. నిన్ను చూసింది. చెయ్యి పట్టుకుని బండిలోంచి దింపింది. ఇంకో చేత్తో రుక్మిణమ్మగారి పక్కనున్న ఆ స్టీలు డబ్బా తీసుకుంది. స్టేజీ దిగి, కుర్చీల మధ్యలోంచి తిన్నగా మొదటి వరసకి నడిపించుకుంటూ వచ్చి మీ నాన్న ముందు నిలబెట్టింది.

"అంకుల్, మీ రాణి. ఖాళీగా ఇవ్వొద్దు అని నాయనమ్మ చెప్పింది" అని డబ్బా చేతిలో పెట్టింది.

మీ నాన్న ఒక చేతిలో కెమెరా, ఒక చేతిలో డబ్బా. డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత తీశారు. సకినాలు. ఒకటి కొరికారు. ఆ చప్పుడు హాలంతా వినపడింది. తలెత్తి చూస్తే వెనకాల శ్రీధర్, ఆయన చేతిలోనూ కెమెరా.

"పూరీలు ఎట్లున్నయ్ బ్రదర్?" అన్నాడు శ్రీధర్.

మీ నాన్న నమిలి, మింగి, "తోలు చెప్పుల్లా ఉన్నాయి" అన్నారు.

"మా దగ్గర పులిహోర మస్తు మిగిలింది."

అంతే. కౌగిలించుకోవడాలూ అవీ ఏం లేవు. కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. కాగితాల మీద ఇప్పటికీ సంఘాలు రెండే. వంట మాత్రం ఒకటే చోట.

మీ తాతయ్యని అడిగితే ఆ తర్వాత కూడా ఢిల్లీ, జౌన్‌పూర్ కొట్టుకున్నాయనీ, చివరికేదో అయిందనీ చెప్తారు. అయి ఉండొచ్చు. నాకు అక్కడికి పప్పు రుబ్బడం అయిపోయింది, లేచొచ్చేశాను.

ఇప్పుడు నేను మేఘన తరఫున మాట్లాడుతున్నాననుకోకు. సంధి మీరింది ఢిల్లీయే. నీకు ముందు చెప్పాల్సింది. చెప్పలేదు, తప్పు దానిదే. అది ఎస్ అన్నప్పుడు నేను ఎదురుగా ఉంటే చెవి మెలేసేదాన్ని. కానీ ఒక్క మాట. మొన్న ఆ డబ్బా తెచ్చిందెవరు? నువ్వు గదిలోంచి "లేనని చెప్పు" అని చెయ్యి ఊపావే, ఆ రోజు. తలుపు దగ్గర నిలబడి, "నిత్య ఉందా అమ్మమ్మా" అని అడిగి, నీ చెప్పులు గుమ్మంలోనే ఉండడం చూసి కూడా, డబ్బా నా చేతిలో పెట్టి వెళ్ళింది. నిండా గారెలు. అందులో సగం నువ్వే తిన్నావు, ఎవరివని అడక్కుండా. పదేళ్ళు దాటింది ఆ డబ్బా అటూ ఇటూ తిరగబట్టి. మూత మీద పేరు అరిగిపోయింది, ఎవరిదని ఇప్పుడెవరూ అడగరు. ఇప్పుడది మన ఫ్రిజ్ మీద ఉంది.

అంటే వంతు ఎవరిది? నాకు తెలీదు బాబూ, నేను కాలేజీ చదవలేదు.

ఇందాకణ్ణుంచీ ఈ చేతులు ఏం చేస్తున్నాయనుకున్నావు, నీకు కథ చెప్తూ? చూడు. సున్నుండలు. ఆఖరిది నువ్వు చుట్టు, చెయ్యి కడుక్కుని రా. ఆఁ, అంత పెద్దది కాదు. సరేలే, పెద్దదే ఉండనీ.

మూత గట్టిగా నొక్కు, ఆ సొట్ట వైపు వదులు. బయట చలిగా ఉంది, ఆ జాకెట్ వేసుకో. ఏం మాట్లాడాలో ఆలోచించుకోకు, అదీ ఆ రోజు డైలాగు మర్చిపోయింది కదా, పనేం ఆగలేదు. లాండ్రీ రూమ్ వైపు నుంచి వెళ్ళు, దగ్గర. రుక్మిణమ్మగారిని అడిగానని చెప్పు. చల్లగా ఉండండే, ఇద్దరూ.

ఇంకొకటి, డబ్బా తిరిగి తెచ్చేవు. వద్దు. సూట్‌కేసులో పెట్టుకుని శాన్ రామన్ తీసుకెళ్ళమను. దాని వంతు వచ్చినప్పుడు అక్కణ్ణుంచి తెచ్చిస్తుంది.